ఒట్లు పెట్టరాని ఆసుపత్రి

మొన్న ఎండాకాలంలో పని మీద పులివెందులకు పోయాను. పని తొందరగా అయిపోయింది, బస్సు ఇంకా రాలేదు. బస్టాండు బయట ఒకాయన తోపుడుబండి మీద చీనీకాయలు, అదే బత్తాయిలు, కుప్పపోసుకుని నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

"తియ్యగుంటాయా?" అని అడిగాను.

"చక్కెర మామా. పుల్లగుంటే నా పిల్లోల్ల మీద..." అంటూ కుడిచెయ్యి పైకి లేపాడు. లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. వేడి గిన్నె తగిలినట్టు వెనక్కి తీసుకుని, ఆ చేత్తోనే ఒక కాయ అందుకుని కోసి నా ముందు పెట్టాడు. "ఒట్లెందుకులే. తిని చూడు. బాగుంటేనే తీస్కో."

అంగడిలో ఒట్టు పెట్టబోయి ఆగిపోయిన మనిషిని మా జిల్లాలో చూడడం అరుదు. ఇట్లా ఆగే అలవాటు ఎక్కడ నేర్పుతారో నాకు తెలుసు.

"ప్రొద్దుటూరు డాక్టరమ్మ దగ్గరికి పోతాంటివా?" అన్నాను.

ఆయన పండ్లన్నీ కనపడేట్టు నవ్వాడు. "నీకెట్ల తెలుసు మామా? మా పెద్దోనికి చిన్నప్పుడు రొమ్ములో పిల్లికూతలు, ఆయాసం. ఆడికే తీస్కపోతాంటి. వానికి మందిచ్చి, నా బీడీ మాన్పించింది. బొరుగులు తినిపిచ్చి తినిపిచ్చి చంపింది." తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఆయమ్మ పోయిందంట గదా. మాకు శానా దినాల తర్వాత తెలిసింది."

 కాయ తియ్యగానే ఉంది. సంచి నిండా తీసుకుని బస్సెక్కాను.

ఆమె పోయినప్పుడు మా పేపర్లో వార్త వచ్చింది. ఎక్కడ పుట్టింది, ఎక్కడ చదివింది, ఎన్నేళ్లు వైద్యం చేసింది, వెనక ఎవరెవరున్నారు, అన్నీ వేశారు. మా కుర్ర విలేకరి రాసి పంపితే నేనే చూసి సరిచేశాను. తప్పులేమీ లేవు. కానీ అది చదివి ఆమెను గుర్తుపట్టడం ఎవరికైనా కష్టం. ఆ చీనీకాయలాయన ఆగిపోయిన చేతిలో ఆమె ఎక్కువ ఉంది.

మా పేపరు ఆఫీసు చాలా ఏళ్లు ప్రొద్దుటూరులో, బంగారు అంగళ్ల వీధికి ఆనుకుని ఉన్న సందులో, ఒక పాత మేడ పైభాగంలో ఉండేది. కింద ఆమె పిల్లల ఆసుపత్రి. మా మెట్లు బయటి గోడకు ఉండేవి. ఆ మెట్ల కింద నీడలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మగవాళ్లు గుంపుగా నిలబడేవారు. వాళ్లు తండ్రులు. బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయేది తల్లి, వెంట జేజి, అంటే నాయనమ్మ. తండ్రి పని బండి మీద తీసుకురావడం, మందుల చీటీ పట్టుకుని అంగడికి పోవడం, మధ్యలో మెట్ల కింద బీడీ తాగడం. అక్కడ తాగిన పొగంతా మెట్ల సందుల్లోంచి మా ఆఫీసులోకి వచ్చేది. మేము వార్తలు రాసేది ఆ పొగలోనే.

ఆమె పొట్టిగా, లావుగా ఉండేది. నూలుచీర కొంగు నడుముకు దోపుకుని, మోకాళ్లు సహకరించక పక్కలకు ఊగుతూ నడిచేది. గొంతు బొంగురు. కొత్తగా వచ్చినవాళ్లు లోపల మగ డాక్టరున్నాడనుకునేవారు. "ఆయమ్మే చుట్ట తాగుతాదేమో, లేకపోతే ఆ గొంతేంది?" అని మెట్ల కింద ఎవరో అంటే, మెట్ల పక్కనే ఉన్న ఆమె గది కిటికీలోంచి జవాబు వచ్చేది: "తాగుతా. నీ చుట్ట ఈడికియ్యి, నీ కొడుకును నువ్వు చూడు."

బిడ్డ గదిలోకి రాగానే డాక్టర్లు స్టెతస్కోపు గొట్టం అందుకుంటారు. ఆమె ముందు బిడ్డను ఎత్తుకునేది. మాడు మీద ముక్కు పెట్టి, కండ్లు మూసుకుని, గట్టిగా వాసన పీల్చేది. ముద్దు పెడుతున్నదని తల్లులు సంబరపడేవారు. ఆమె కండ్లు తెరిచి, వంట గదిలో పోపు వాసన చెప్పినట్టు చెప్పేది: "ఆముదం. సాంబ్రాణి. బీడీ." ఆ మూడోమాట రాగానే తల్లి తల దించుకునేది. ఈమె కిటికీ దగ్గరికి ఊగుతూ వచ్చి బయటికి కేకేసేది. "ఈ పసుపు గౌను పాప నాయన ఎవురప్పా? లోపలికి రా."

మెట్ల కింద గుంపులో ఒకడు బీడీని చెప్పు కింద వేసి తొక్కేవాడు. మిగతావాళ్లు వాణ్ణి చూసి నవ్వేవారు. తమ వంతు కూడా వస్తుందని తెలిసే నవ్వేవారు.

లోపలికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, బిడ్డను వాడి ఒళ్లో పెట్టి, గొట్టం వాడి చెవుల్లో పెట్టేది. "విను" అనేది. అంతే. ఆ ముఖాలు కిటికీలోంచి నేను ఎన్నోసార్లు చూశాను. తలుపు సందులో గాలి దూరినట్టు బిడ్డ రొమ్ములో కూత వినపడుతుంటే, ఎద్దుల బేరంలో గదమాయించే మనుషులు కూడా నోరు తెరుచుకుని వినేవారు. చాపాడు దిక్కు పెద్ద రైతు ఒకాయన ఒకసారి తెల్లబట్టల్లో, వెనక నలుగురైదుగురు మనుషులతో వచ్చాడు. మనవడిని వాళ్లలో ఒకడు ఎత్తుకుని ఉన్నాడు. ఆమె ఆ గుంపును చూసి, "రెడ్డీ, నీ ఎనక ఇంతమంది ఉండారు గానీ నీ సిగరెట్టు వీళ్లలో ఎవురన్నా తాగి పెడతాండారా? లేదు గదా. అయితే పిల్లోన్ని గూడా నువ్వే ఎత్తుకో" అంది. ఆయన ఎత్తుకున్నాడు. అలవాటు లేక గొర్రెపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఆమె బల్ల మీద ఒక పెద్ద రేకు డబ్బా ఉండేది. దాన్నిండా బొరుగులు, అంటే మరమరాలు, పప్పులు, కాస్త కారం. పిల్లల కోసమని అందరూ అనుకునేవారు. పిల్లలు చెయ్యి చాపితే, "నీకు కాదు నాయనా, మీ నాయనకు" అనేది. పొట్లం కట్టి తండ్రి జేబులో పెట్టేది. "బీడీ గుర్తొచ్చినప్పుడల్లా పిడికెడు నోట్లో ఏస్కో. చేతికీ పని, నోటికీ పని." పొట్లాలకు కాగితం మా ఆఫీసు నుంచే పోయేది. మిగిలిపోయిన పాత పేపర్లు తెప్పించుకునేది. ఒకరోజు నేను కట్ట తీసుకుని దిగితే, "ఏమప్పా పేపరాయనా, మీరు అచ్చేసినదాంట్లో జనానికి పనికొచ్చేది ఇదే" అంది. ఆ కాగితంలో నేను రాసిన వార్త కూడా ఉంది. దాంట్లోనే బొరుగులు పోసి నా చేతికిచ్చింది.

ఇక ఒట్ల సంగతి.

మా సీమలో సంతకానికి లేని విలువ ఒట్టుకు ఉంటుంది. అప్పుపత్రం మీద సంతకం పెట్టి ఎగ్గొట్టినవాడు కూడా బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి అబద్ధం చెప్పడు. ఇది ఆమెకు బాగా తెలుసు. జమ్మలమడుగులో పుట్టి పెరిగిన మనిషి. మొదట్లో ఆమె వైద్యంలో ఆఖరి మందు ఒట్టే. బిడ్డ రొమ్ము వినిపించి, బొరుగులు జేబులో పెట్టి, చివరికి తండ్రి చెయ్యి పట్టుకుని బిడ్డ నెత్తిన పెట్టించేది. "చెప్పు." వాడు చెప్పేవాడు: "నా బిడ్డ మీద ఒట్టు. ఇంగ బీడీ ముట్టను." ఎంతోమంది నిజంగానే మానేశారు. పాత రోగుల తండ్రులు బజారులో ఎదురైతే జేబులు బయటికి లాగి చూపించేవారు. ఆమె సంతోషానికి అంతుండేది కాదు. "మందులకు తగ్గనిది ఒట్టుకు తగ్గతాంది చూడప్పా" అని నాతో మెట్ల దగ్గర చాలాసార్లు అంది.

కొండాపురం దిక్కు నుంచి ఒకాయన అట్లాగే ఒట్టు పెట్టాడు. గండికోట జలాశయం నీళ్లకింద వాళ్ల ఊరు పోయింది. కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. నాలుగేళ్ల పాప, చలిగాలి తగిలితే చాలు కూతపెట్టి ఆయాసపడేది. "ఊర్లో ఉన్నప్పుడు ఇంత తాగేవాన్ని కాదు తల్లీ" అని ఆయన చెప్పుకున్నాడు. "మడికి నీళ్లు కట్టాల, ఎద్దుల్ని చూసుకోవాల, బీడీకి తీరికేదీ? ఇప్పుడు పొద్దుగూకులు అరుగు మీద కుచ్చునేదే పని." ఆమె విని, పొట్లం కొంచెం పెద్దది కట్టింది. ఒట్టు మాత్రం పెట్టించింది. ఆయన ఒట్టు నిలబెట్టుకున్నాడు. వచ్చినప్పుడల్లా పాప ఒళ్లు చేస్తూ కనపడింది. తర్వాత చాలాకాలం వాళ్లు రాలేదు. రాలేదంటే పాప బాగుందనే అనుకున్నాం.

ఒక ఎండాకాలం పొద్దున నేను మెట్లు దిగుతుంటే ఆయన మెట్ల కింద కూర్చుని ఉన్నాడు. మిగతావాళ్లకు దూరంగా, గోడకు ఆనుకుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. చెప్పులు గుడి ముందు విడిచినట్టు దూరంగా విడిచాడు.

"పాప లోపలుందా?" అని అడిగాను.

"ఉండాది. మా అమ్మ తీస్కపోయింది."

"నువ్వు పోలేదే?"

"నేను పోగూడదన్నా" అన్నాడు. "నా గాలి గూడా తగలగూడదు."

లోపల డాక్టరమ్మ గొంతు వినపడింది. ఎప్పటిలా లేదు. కిటికీ దగ్గరికి పోయాను. పాప బల్ల మీద ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా డొక్కలు గుంటలు పడుతున్నాయి. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మెడలో ఒక తాయెత్తు, రెండు చేతులకూ దారాలు. నర్సు మందు ఆవిరి పట్టే మాస్కు తగిలిస్తోంది. ముసలామె మూలన నిలబడి చేతులు జోడించి ఉంది.

"ఎన్నాళ్లయింది డొక్కలెగరేయబట్టి?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఐదారు దినాలైంది తల్లీ."

"ఐదారు దినాలా? ఇన్నాళ్లు ఏం చేస్తాంటిరి?"

"తిరుగుతాంటిమి తల్లీ."

"యాడ తిరుగుతాంటిరి? నేను ఈడ చచ్చినానా?"

ముసలామె ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. "ఒట్టు దింపే దానికి తిరుగుతాంటిమి. వాడు బీడీ తాగినాడు తల్లీ. పాప మీద ఒట్టు పెట్టి తాగినాడు. ఆ దినమే పాపకు పట్టుకుంది. మా దేవతకు ముడుపు కట్టినాం. దర్గాకు పోయి దారం కట్టించినాం. ఒట్టు దిగలే. నీ దగ్గరికి రావాలంటే వానికి మొగం చెల్లలే. ఈ పొద్దు పాప పాలు గూడా మింగలే, అందుకని నేనే ఎత్తుకొచ్చినా."

డాక్టరమ్మ గొట్టం మెడలో వేసుకుని, నర్సుతో, "కడప పెద్దాసుపత్రికి పోయేదానికి బండి తెప్పించి పెట్టు. గంటలో డొక్కలు తగ్గకపోతే పంపిస్తాం" అంది. తర్వాత బయటికి వచ్చింది. మెట్ల దగ్గరికి వచ్చి, మోకాళ్లు పట్టుకుని, కింది మెట్టు మీద కూర్చుంది. అంతకుముందు ఆమె అక్కడ కూర్చోవడం నేను చూడలేదు. బీడీ ముక్కలు, ఉమ్ములు ఉండే చోటు. మెట్ల కింద గుంపు సర్దుకుని దూరం జరిగింది.

"ఎప్పుడు తాగినావు?" అని అడిగింది. కోపం లేకుండానే అడిగింది.

ఆయన తువ్వాలు తీయకుండానే చెప్పాడు. "ఎండలకు డ్యాములో నీళ్లు తగ్గినాయి తల్లీ. మా ఊరు తేలిందంటే అందరం చూసేదానికి పోయినాం. మా ఇంటి గోడ కనపడింది. మా అమ్మ దీపం పెట్టే గూడు గూడా కనపడింది. చూస్తా నిలబడినా. మా చిన్నాయన బీడీ అంటించి ఇచ్చినాడు. నోట్లో పెట్టుకున్నా. ఒట్టు గ్యాపకం రాలే. సగం తాగినాక వచ్చింది. పారేసినా. ఇంటికొచ్చేతలికి పాపకు ముక్కు కారతాంది." ముఖం గోడకు తిప్పుకున్నాడు. "నేనే చంపినా తల్లీ."

"సావలే ఇంకా" అంది ఆమె. "విను. నువ్వు డ్యాము గట్టున తాగిన సగం బీడీకి, ఈడ ఈ పాప ఊపిరికీ సంబంధం లేదు. జలుబు అందరి పిల్లోల్లకూ వచ్చింది ఈ వారం. లోపల చూడు, అందరూ తుమ్ముతాండారు. వాళ్ల నాయన్లు రెండోనాడే తీస్కొచ్చినారు. నువ్వు తీస్కరాలే. ఏల తీస్కరాలే?"

ఆయన తువ్వాలును నోటికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"నాకు భయపడి. అంతేనా?"

తువ్వాలు వెనక తల మెల్లగా ఊగింది.

ఆమె వీధి వైపు ముఖం తిప్పుకుంది. బంగారు అంగడి వాళ్ల పిల్లోడు టీ గ్లాసులతో పోతూ, డాక్టరమ్మ మెట్ల మీద కూర్చుందేమిటని తిరిగి తిరిగి చూశాడు. ఆమె చివరికి ఆయన వైపు తిరిగింది. "ఆ ఒట్టు నీతో పెట్టిచ్చింది ఎవురు?"

"నువ్వే తల్లీ."

"మీ ఊర్లో ఒట్టు తీసేదెవురు?"

"పెట్టిచ్చినోళ్లే తీయాల."

"ఆ మాట తెలిసీ దర్గాలు తిరుగుతాండావే. నా దగ్గరికి రావాల గదప్పా. లెయ్యి."

ఆయన లేవలేదు. ఆమె గోడ పట్టుకుని లేచి, ఆయన జబ్బ పట్టుకుని లేపింది. లోపలికి తీసుకుపోయింది. కిటికీ దగ్గర నేనూ, నా వెనక మెట్ల కింద తండ్రులూ నిలబడ్డాం. ఆమె ఆయన కుడిచెయ్యి పట్టుకుని పాప నెత్తిన పెట్టింది.  కాసేపు ఉంచి, ఆ చేతిని తన రెండు చేతులతో లేపి, తెచ్చి తన నెత్తిన పెట్టుకుంది.

ముసలామె, "అయ్యో తల్లీ, వద్దు" అని ముందుకొచ్చింది.

"ఉండు పెద్దమ్మా" అంది డాక్టరమ్మ. "ఇంగ ఆ ఒట్టు పాప మీద లేదు. నా నెత్తిన ఉండాది. పట్టుకుంటే నన్ను పట్టుకోనీ, నేను మందులేసుకుంటా." ఆయన చెయ్యి దించి, ఆ చేతిలో మాస్కు పెట్టింది. "ఇది ముక్కుకు ఆనించి పట్టుకో. పాప తల తిప్పితే నువ్వూ తిప్పు. చెయ్యి వణికిందంటే కొడతా."

ఆయన పట్టుకున్నాడు. చెయ్యి వణకలేదు.

ఆరోజు నేను ఆఫీసులో ఏం రాశానో గుర్తులేదు. ఏదో వంక పెట్టుకుని కిందికి దిగి కిటికీలోంచి చూసి పోతున్నాను. కడప బండి వచ్చి వాకిట్లో నిలబడింది. డ్రైవరు సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయాడు. గంట దాటింది. ఆమె పాప పక్కనే కుర్చీ వేసుకుని, రొమ్ము మీద గొట్టం పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, మిగతా రోగులను ఆ కుర్చీలోంచే చూసింది. ఆయన నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మధ్యాహ్నం దాటాక నేను దిగేసరికి కడప బండి లేదు. పరుగున పోయాను. కిటికీలోంచి చూస్తే పాప అక్కడే ఉంది. బండిని ఖాళీగా పంపేశారు. పాప డొక్కలు కాస్త కుదుటపడ్డాయి, పెదవులు పాప పెదవుల్లాగే ఉన్నాయి. మాస్కు తోసేసి బల్ల మీది డబ్బా వైపు చెయ్యి చూపిస్తోంది.

"నీకు కాదే, మీ నాయనకు" అంది డాక్టరమ్మ.  

సాయంత్రం ఆమె ఇంటికి పోతూ మెట్ల దగ్గర ఆగింది. నేను పలకరించాను. "ఒట్టంటే బీడీకి ఏసే తాళమనుకుంటినప్పా" అంది. "నా ఆసుపత్రి వాకిలికే ఏసినానని తెలీలే. ఎంతమంది పిల్లోల్లు అట్ల బయట ఉండిపోయినారో." నేనేదో సర్దిచెప్పబోయాను. వినలేదు. ఊగుతూ పోయింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆసుపత్రి వాకిలి మీద, "చెప్పులు బయట విడువవలెను" అన్న బోర్డు కింద, ఇంకో రేకు బోర్డు వచ్చింది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు: "పిల్లల మీద ఒట్లు పెట్టరాదు." సందులో పోయేవాళ్లు నిలబడి చదివి నవ్వుకునేవారు. అంగడి వాళ్లకు అది మంచి ఎగతాళి అయింది. బేరం తెగనప్పుడు, "ఒట్టు పెట్టమంటే పెడతా గానీ డాక్టరమ్మ ఒప్పుకోదు" అనేవారు. వెండి పని చేసే సాయిబు ఒకాయన, కువైటు నుంచి వచ్చిన తమ్ముడి కొడుకును చూపించడానికి వచ్చి, బోర్డు కింద నిలబడి అడిగాడు. "అమ్మా, ఒట్టు వద్దన్నావు, సరే. కసమ్ తినొచ్చా?" ఉర్దూలో కసమ్ అన్నా ఒట్టే. మర్నాడు నేను వచ్చేసరికి బోర్డు కింది అంచున సుద్దముక్కతో ఆమె చేతిరాత ఉంది: "కసమ్ గూడా." వానకు చెరిగినప్పుడల్లా మళ్లీ రాసేది.

ఒట్టు పోయాక ఆమె వైద్యంలో దాని చోటికి ఒక ప్రశ్న వచ్చింది. "మానినావా?" అని ఆమె ఎవరినీ అడగలేదు. "ఎప్పుడు తాగినావు?" అని అడిగేది. మెట్టు మీద ఆరోజు అడిగిన గొంతుతోనే. మొదట్లో మగవాళ్లు అబద్ధాలు చెప్పారు. ఆమె మాట్లాడకుండా వాళ్ల ఒళ్లో బిడ్డ మాడు మీద ముక్కు పెట్టి పీల్చేది. వాళ్లే మెల్లగా చెప్పేవారు. "నిన్న." "పెండ్లిలో ఒకటి." "పొద్దున బస్సు దిగినాక." ఏం చెప్పినా ఆమె జవాబు ఒకటే. డబ్బా మూత తీసేది. "మంచిది. నిజం చెప్పినావు. ఏస్కో."

"నిజం చెప్తే ఏమొస్తాది, బీడీ మానాల గానీ" అని నేను ఒకసారి అన్నాను.

"నిజం చెప్పేవాడు మల్ల వస్తాడప్పా" అంది. "వచ్చేవాడు ఎప్పుడో ఒకనాడు మానతాడు. బిడ్డ మాత్రం అంతలోపల బతకాల గదా."

కొండాపురం ఆయన మానలేదు, మానాడు, మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ మానాడు. ప్రతిసారీ వచ్చి చెప్పాడు. ఆయన చెప్పాక ఆమె పాప వైపు తిరిగేది. "ఏమ్మా, అంతేనా?" పాప తల ఊపితే సరే. ఊపకపోతే ఆయన మళ్లీ మొదటినుంచి చెప్పాలి. పాపకు ఆ పని మహా ఇష్టం. కాళ్లూపుకుంటూ నాయన ముఖంలోకి చూస్తూ, కావాలనే ఆలస్యం చేసి తల ఊపేది. ఆయన నుదుటికి చెమట పట్టేది. రానురాను పాపకు ఆయాసం తగ్గిపోయింది. మందులు అక్కర్లేదు. అయినా పండగకు ప్రొద్దుటూరు వచ్చినప్పుడు వచ్చి, ఆయన చెప్పుకుని, పాప తల ఊపి, పొట్లం తీసుకుని పోయేవారు. డాక్టరు దగ్గరికి రోగం లేకుండా వచ్చే మనుషులను నేను అక్కడే చూశాను.

పోయిన కార్తీకంలో ఆమె పోయింది. ఆసుపత్రిలో పొద్దున పిల్లల్ని చూసి, మధ్యాహ్నం ఇంటికి పోయి పడుకుని, లేవలేదు. జమ్మలమడుగులో సొంతింటికి తీసుకుపోయారు. నేను పోయేసరికి వీధంతా మనుషులు. చెప్పుకోదగ్గ పెద్దలు లోపల కుర్చీల్లో ఉన్నారు. బయట ఎండలో, గోడల వెంబడి, ఎక్కడెక్కడి ఊళ్లనుంచో వచ్చిన మగవాళ్లు. వాళ్లను చూడగానే గుర్తుపట్టాను. మెట్ల కింద తండ్రులే. కొందరి జుట్టు నెరిసింది. వాళ్ల పక్కన నిలబడ్డ పిల్లలు వాళ్ల కంటే పొడుగున్నారు.

ఆమెను వాకిట్లో గాజుపెట్టెలో ఉంచారు. మనుషులు వరసగా వచ్చి, దండం పెట్టి, ముందుకు జరుగుతున్నారు. కొండాపురం ఆయన వచ్చాడు. వెంట పాప. తొమ్మిది పదేళ్ల పిల్ల, రెండు జడలు. ఆయన చెప్పులు వీధి చివరే విడిచి వచ్చాడు. దండం పెట్టాడు. వెనకవాళ్లు ఆగి ఉన్నారు. ఆయన కదలలేదు. గాజు మీదికి కొంచెం వంగి, ఆసుపత్రిలో ఆమె బల్లకు ఇవతల కూర్చున్నప్పుడు మాట్లాడిన గొంతుతోనే చెప్పాడు.

"దసరాకు ఒకటి తాగినా తల్లీ."

 వెనకనుంచి పాప ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"రెండు నాయనా."

ఆయన పాప వైపు చూశాడు. మళ్లీ గాజుపెట్టె వైపు తిరిగాడు.

"రెండు" అన్నాడు.

పాప తల ఊపింది.